ధనమ్మ పథ్యం

తిరుత్తణి
14-6-1956

అక్కకు ధనమ్మ నమస్కారాలు.

మద్రాసు నుంచి నిన్న వచ్చాం. రైలు తిరువళ్ళూరులో ఆగినప్పుడు కిటికీలోంచి నీకోసం వెతికాను. పక్షవాతం వచ్చిన బావను గంటకోసారి ఒత్తిగిలించాలి, వదిలి రాలేవు. అది తెలిసీ వెతికాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. గర్భసంచిలో గడ్డ ఉందట. నెలలో పదిహేను రోజులు నేను వసారా గదిలో దూరంగా కూర్చోవలసి రావడానికి కారణం అదేనట. కోసి తీసేస్తే సరిపోతుందట. కానీ ఇప్పుడే కోయదట. నన్ను తూకం మీద నిలబెట్టింది. నూట తొంభై రెండు పౌన్లు. "కడుపు మీద ఇంత కొవ్వుంటే కుట్లు నిలవవమ్మా. మత్తుమందుకూ ప్రమాదం. పాతిక పౌన్లు తగ్గి సెప్టెంబరు ఆఖరుకు రా. అంతకంటే ఆలస్యం చేయకూడదు" అంది. ఒక పూటే అన్నం తినమంది.

రైల్లో ఆయన నాకు ధైర్యం చెప్పాలని, "పాతిక పౌన్లంటే ఏముందే? అర మూట చెనక్కాయలు గూడా గాదు. దించి పారేస్తే పాయె" అన్నారు. అని, అరక్కోణం వచ్చేదాకా కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. మా అత్త కుప్పమ్మ అయితే, "నిన్ను జూసి ఇంటికి లచ్చిమి వచ్చిందన్నారు గదమ్మే ఊరోళ్ళు! ఇప్పుడు ఆ లచ్చిమిని తగ్గించుకోని రమ్మంటా ఉండారా?" అని డాక్టరమ్మను తిట్టిపోసింది.

అక్కా, నాకు నలభై ఒకటి. కత్తి అంటే భయం లేదు. పాతిక పౌన్లు తగ్గలేనేమో అని భయం. అన్నం మానితే కళ్ళు తిరుగుతాయి, తింటే తగ్గను. నువ్వైతే ఏదో ఒక దారి చూస్తావు.

నీ చెల్లెలు
ధనమ్మ

*

తిరువళ్ళూరు
22-6-1956

ధనమ్మా,

నీ ఉత్తరం సోమవారం అందింది. రెండుసార్లు చదివి, చేయవలసిన పనులు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఏడవడం అందులో లేదు. నువ్వూ ఏడవకు.

ఇంకా పద్నాలుగు వారాలున్నాయి. వారానికి రెండు పౌన్లు తగ్గితే ఇరవై ఎనిమిది. డాక్టరమ్మ అడిగినదానికంటే మూడు ఎక్కువే.

బావకు మర్దనా తైలం ఇచ్చే కాంపౌండరు రత్నస్వామి తెలుసు కదా. ఒళ్ళు తగ్గడానికి మద్రాసులో పెద్దింటి ఆడవాళ్ళు వాడే మాత్రలు ఉన్నాయంటే తెప్పించమన్నాను. గోధుమరంగు బిళ్ళలు. అప్పడాల డబ్బాలో అడుగున పెట్టి పంపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిన్న తర్వాత.

పథ్యం గట్టిగా చేయాలి. వంకాయ, గోంగూర, మామిడికాయ, ఎండుచేప, చెనక్కాయలు, ఆవపెట్టిన కూరలు ముట్టకూడదు. ఒక నోటుబుక్కు పెట్టి రోజూ ఏం తిన్నావో, ఎంత తిన్నావో రాయి. నెలకోసారి ఆ కాగితాలు నాకు పంపు. నేను ఇంకో పుస్తకంలో ఎక్కించుకుంటాను.

డాక్టరమ్మకు మాత్రల సంగతి చెప్పవద్దు. ఇంకొకరి మందు తింటున్నావని తెలిస్తే డాక్టర్లకు కోపం వస్తుంది. ఇంకెక్కడికైనా పొమ్మంటే మనకు దిక్కెవరు? మీ ఆయనకూ చెప్పవద్దు. బావకు జబ్బు చేసినప్పుడు నేను నాటుమందు వాడి నెల రోజులు పాడుచేశానని చెంగల్రాయుడికి ఇప్పటికీ నా మీద అనుమానమే. నీ వసారా గదిలో ఉన్న సామాను ఎవరూ ముట్టరు కాబట్టి సీసా అక్కడ దాచుకో.

అక్క
తులసమ్మ

*

తిరుత్తణి
8-8-1956

అక్కా,

పదమూడు పౌన్లు! మొన్న ఆదివారం ఆయన నన్ను చెనక్కాయల మండీకి తీసుకుపోయి పెద్ద కాటాలో కూర్చోబెట్టారు. గుమాస్తా దండపాణి తలెత్తకుండా, "ఏం సరుకు అన్నా?" అన్నాడు. ఈయన, "పాత సరుకు నాయనా. ఇరవై మూడేండ్లుగా నా దగ్గరే ఉండాది. అమ్మేది గాదు, ఊరికే తూకం చూడు" అన్నారు. దండపాణి తలెత్తి నన్ను చూసి సిగ్గుతో చచ్చిపోయాడు. నేను కాటాలో కూర్చునే నవ్వుతుంటే ముల్లు ఊగిపోయి తూకం మూడుసార్లు చూడవలసి వచ్చింది.

రవికెలన్నీ వదులైనాయి. గుండె కొంచెం దడదడమంటుంది కానీ అది సంతోషానికేనేమో.

ఒక్కటే చికాకు. గడ్డం కింద పొక్కులు లేచాయి. మొదట నాలుగు, ఇప్పుడు బుగ్గల మీదికి, వీపు మీదికి వచ్చాయి. పదహారేళ్ళ పిల్లకు వచ్చినట్టు ఈ వయసులో మొటిమలేమిటి? కొన్ని చీము పట్టి నొప్పి చేస్తున్నాయి. మా అత్త వేడి అంటోంది. రోజూ చందనం అరగదీసి పెడుతోంది, పాపం. ఆమె తిట్టే తిట్లు వింటే ఆమె చందనం తీస్తుందని ఎవరూ నమ్మరు.

నోటుబుక్కు కాగితాలు ఇందులో పెట్టాను. ఏదీ దాచలేదు.

ధనమ్మ

*

తిరువళ్ళూరు
14-8-1956

ధనమ్మా,

తూకం సంగతి చదివి బావకు వినిపించాను. మాట రాకపోయినా ఎడమ చెయ్యి ఎత్తి మంచం పట్టె మీద తట్టారు. సంతోషం అన్నమాట.

పొక్కుల సంగతి తేలిక. నీ కాగితాలు వరుసగా చూశాను. జూలై ముప్పైన మామిడికాయ బద్ద ఒకటి తిన్నావు. ఆగస్టు మూడున పొక్కులు లేచాయి. మధ్య నాలుగు రోజులు. పథ్యం తప్పితే మందు ఒంట్లో తిరగబడుతుంది, ఇది చిన్నప్పటినుంచీ మనకు తెలిసిందే. నా పుస్తకంలో మామిడికాయ కింద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టాను. ఇకమీద పుల్లనివి ఏవీ వద్దు, చింతపండు కూడా. మజ్జిగ పలుచగా.

మాత్రలు ఒక్క పూట కూడా ఆపవద్దు. రెండో సీసా పంపుతున్నాను.

తులసమ్మ

*

తిరుత్తణి
1-10-1956

అక్కా,

స్టేషనులో అందరి ముందు చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

మొన్న శుక్రవారం ఆసుపత్రికి పోయాం. నూట అరవై అయిదు పౌన్లు. డాక్టరమ్మ నర్సును పిలిచి, "ఈమెను చూడండి, చెప్పిన మాట విన్న మనిషి" అని అందరికీ చూపించింది. బల్ల మీద పడుకోమంది. సోమవారమే కోస్తామంది. ఆయన వరండాలో నిలబడి దండం పెట్టుకుంటున్నారు. అప్పుడు ఆమె నా కడుపు మీద బట్ట తీసింది.

అక్కా, పొక్కులు కడుపు మీదికి కూడా వచ్చాయి. రెండు పెద్దవి, చీముతో. డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "చీము ఉన్న చోట కత్తి పెట్టను. లోపలికి పోతే మనిషి దక్కదు. ఇవి పూర్తిగా మానిన తర్వాత రండి" అంది. తర్వాత అడిగింది, "ఏదైనా మందు తింటున్నావా?" అని. నేను నేల చూసి, లేదన్నాను. ఇంకోసారి అడిగింది. లేదన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు రైలు మీ ఊళ్ళో ఆగింది. నువ్వు జట్కా కట్టించుకుని వచ్చావు, బావను ఎవరికో అప్పగించి వచ్చావు. ఎంత సంతోషమైందో. నువ్వు కిటికీ ఊచలు పట్టుకుని నా మొహం చూసి, బాగున్నావా అని కూడా అనకుండా, "ఏం తిన్నావే? నిజం చెప్పు, ఏం తిన్నావు?" అన్నావు. పక్కనున్న వాళ్ళందరూ తిరిగి చూశారు. ఒకామె తన పిల్లను నా పక్క నుంచి లేపి ఎదురు బెంచీకి తీసుకుపోయింది.

నేనేమీ తినలేదక్కా.

ధనమ్మ

*

తిరువళ్ళూరు
6-10-1956

ధనమ్మా,

నీకు బాధ కలిగింది. కలిగినా చెప్పవలసింది చెప్పాలి.

మందు వల్ల ఇరవై ఏడు పౌన్లు తగ్గావు. అంటే మందు పనిచేస్తోంది. పనిచేసే మందు మంచిది. అటువంటప్పుడు తప్పు తిండిలో కాక ఎక్కడ ఉంటుంది? నీ కాగితాల్లో ఆగస్టు తర్వాత ఒక్క తప్పూ లేదు. అరవై రోజుల్లో ఒక్కటి కూడా లేదు. అదే నాకు నమ్మశక్యంగా లేదు. చిన్నప్పుడు అమ్మ దాచిన ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టి, మూతికి కారం ఉండగానే "నేను తినలేదు" అన్నది నువ్వే కదా.

మీ అత్తకు ఉత్తరం రాశాను. మందు మాట ఎత్తలేదు, డాక్టరు పథ్యం అనే రాశాను. నిన్ను కనిపెట్టి ఉండమన్నాను. కోపం తెచ్చుకోకు. ఇది నీ ప్రాణం సంగతి.

పథ్యం చేయడం కష్టం కాదని నీకు తెలియాలి. రేపటినుంచి నేనూ ఆ మాత్రలే వేసుకుంటున్నాను. నేనూ నూట డెబ్భై పౌన్లు ఉన్నాను, తగ్గితే మంచిదే. నువ్వు తినేదే తింటాను. నా ఒంటి మీద ఒక్క పొక్కు లేవకపోతే అప్పుడు ఏమంటావో చూస్తాను.

తులసమ్మ

*

తిరుత్తణి
4-11-1956

అక్కకు,

నీ ఉత్తరం చదివించుకున్నప్పటినుంచీ మా అత్త నా వెనకే తిరుగుతోంది. అన్నం తిన్న తర్వాత, "ఏమ్మే, నోరు తెరువు. యాడ దాచిపెట్టి తింటా ఉండావో నాకు తెలియదనుకున్నావా? మీ అక్కే రాసింది" అని నాలుక చూస్తుంది. నేను దూరంగా ఉన్న రోజుల్లో కూడా గడప అవతల కూర్చుని చూస్తుంది. చందనం తీయడం మానేసింది.

నన్ను ఆమె ఏమన్నా పడతాను. "మీ అక్కే రాసింది" అంటే మాత్రం లోపల ఏదో తెగుతుంది.

పదిహేను రోజులుగా ఉప్పు వేసిన గంజి తప్ప ఏమీ తినడంలేదు. కూర లేదు, చారు లేదు, మజ్జిగ కూడా లేదు. ఇక కొట్టివేయడానికి నా కాగితంలో ఏమీ మిగల్లేదక్కా. గంజి కింద కూడా ఎర్ర గీత పెడతావా?

పొక్కులు తగ్గలేదు. ఎక్కువైనాయి. వీపు ఆనించి పడుకోలేను. ఊళ్ళో వాళ్ళు మా వాకిలి ముందు అటు పక్కకు జరిగి నడుస్తున్నారు. రక్తం పోవడం ఇప్పుడు ఇరవై రోజులు. ఆయన రాత్రిదాకా బయట అరుగు మీదే కూర్చుంటున్నారు. నిన్న వసారా దగ్గరకు వచ్చి, "ఏమే, నీకు ఏదైనా తినాలని ఉంటే నాకు చెప్పు, నేను ఎవురికీ చెప్పను" అన్నారు. ఆయన కూడా నమ్మడంలేదు. నేను దొంగతనంగా తింటున్నానని ప్రేమగా నమ్ముతున్నారు.

అమ్మ ఊరగాయ జాడీ అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

ధనమ్మ

*

తిరుత్తణి
20-12-1956

అక్కా,

అక్టోబరు తర్వాత నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. బావకు ఎట్లా ఉంది? మాత్రలు మాత్రం అప్పడాల డబ్బాలో నవంబరులో వచ్చాయి. డబ్బాలో చీటీ ఏమైనా ఉందేమోనని అప్పడాలన్నీ విడదీసి చూశాను.

నీకు కార్డు రాసినట్టే పద్నాలుగో తేదీ మళ్ళీ ఆసుపత్రికి పోయాం. మళ్ళీ పంపేశారు. ఈసారి డాక్టరమ్మ కోప్పడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టి అన్ని వైపులా నొక్కి చూసింది. గడ్డ ఇప్పుడు నా చేతికే తెలుస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు తిరువళ్ళూరులో రైలు ఆగింది. కిటికీ మూసుకుని కూర్చున్నాను. రైలు కదిలిన తర్వాత తెరిచాను. నువ్వు ప్లాట్‌ఫారం చివర స్తంభం పక్కన నిలబడి ఉన్నావు. మొహానికి కొంగు కప్పుకుని ఉన్నావు. ఎందుకక్కా?

ధనమ్మ

*

తిరువళ్ళూరు
2-1-1957

ధనమ్మా,

ఈ ఉత్తరం అందిన నిమిషమే మాత్రలు ఆపు. ఇంకొకటి వేసుకోకు. మిగతాది ఆ తర్వాత చదువు.

అక్టోబరు ఏడున నేను మొదలుపెట్టాను. నువ్వు తినేదే తిన్నాను, మెతుకు తేడా లేదు. నవంబరు అయిదున నా గడ్డం మీద పొక్కు లేచింది. పుస్తకం మొదటినుంచీ తిరగేశాను. ఎక్కడా తప్పలేదు. వారం రోజులకు నుదురు, మెడ, వీపు. రత్నస్వామికి చూపించాను. అతను తల గోక్కుంటూ, "కొందురికి ఇట్లా అవుతుందని విన్నా తల్లీ. ఆ బిళ్ళల్లో అయోడిన్ జాస్తి. నిలిపితే పోతాయి" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదు గదా తల్లీ" అన్నాడు. నిజమే. ఆవపెట్టిన కూర తినవచ్చా అని అడిగాను. ఈ మందుతో ఏమైనా చెడు జరుగుతుందా అని మాత్రం అడగలేదు.

అది నవంబరు పదిహేను. ఆరోజే నీకు రాయవలసింది.

రాయలేదు. ఒక మనిషి మాట మీద నిర్ణయించకూడదు అనుకున్నాను. మాత్రలు ఆపి చూశాను. మూడు వారాల్లో మాడిపోయాయి. సరిచూసుకోవాలని మళ్ళీ మొదలుపెట్టాను. ఎనిమిది రోజుల్లో మళ్ళీ వచ్చాయి. నువ్వు రైల్లో చూసినప్పుడు నా మొహం అట్లా ఉంది. పూర్తిగా రుజువు కావాలి కాబట్టి ఆగాను అని పుస్తకంలో రాసుకున్నాను. అబద్ధం. నవంబరులోనే నాకు తెలుసు. నీ అంతటి అబద్ధాలకోరు లేదని మీ అత్తకు రాసిన చేత్తో, నువ్వు చెప్పినదంతా నిజం అని రాయలేకపోయాను. ఆ నలభై ఎనిమిది రోజులూ నువ్వు మాత్రలు మింగుతూనే ఉన్నావు. నవంబరు సీసా రత్నస్వామిని అడగకముందే పంపాను, కానీ వెనక్కి తెప్పించలేదు.

డాక్టరమ్మకు అంతా చెప్పు. నా పేరు చెప్పు. మీ అత్తకు ఈ ఉత్తరంతోపాటే వేరే కార్డు రాశాను, నీ మీద నేను అన్నది తప్పు అని, నువ్వు ఏమీ తినలేదని.

క్షమించమని అడగను. ఆ మాట అడగడానికి కూడా నీకు ఆరోగ్యం రావాలి.

తులసమ్మ

*

తిరుత్తణి
5-1-1957

అక్కా,

ఆపేశాను. సీసా పేడగుంటలో పారేశాను.

నేను తినలేదని ఇప్పుడైనా నమ్మావు కదా. ఆ రెండు వరుసలు నాలుగుసార్లు చదివాను. మిగతాది ఒక్కసారే చదివి, ఉత్తరం పొయ్యిలో వేశాను, ఆయన కంట పడకూడదని.

మా అత్త నీ కార్డు చదివించుకుంది. సాయంత్రం కోడిగుడ్డు పులుసు చేసి తెచ్చి, దూరంగా పెట్టకుండా నా చేతికే ఇచ్చింది. "తిను. నేను చూడను లే" అని అటు తిరిగి కూర్చుంది.

ధనమ్మ

*

తిరుత్తణి
3-3-1957

అక్కకు,

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

మాత్రలు ఆపిన నెలకు ఒళ్ళు శుభ్రపడింది. మచ్చలు ఉన్నాయి, చీము లేదు. ఫిబ్రవరి పద్దెనిమిదిన కోశారు. అరగంటలో మళ్ళీ కుట్టేశారు. గడ్డ అన్నిటికీ అతుక్కుపోయిందట. తీయడానికి వీలు లేదట. ఇంటికి తీసుకుపోయి, తినాలన్నది పెట్టమన్నారు. ఆయనతో చెప్పారు. నేను ఆయన మొహంలో చదువుకున్నాను.

డాక్టరమ్మను ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. మాత్రల సంగతి చెప్పాను, ఎవరిచ్చారో చెప్పలేదు. ఆమె నా మంచం మీద కూర్చుంది. "ఆరోజు రెండుసార్లు అడిగాను కదమ్మా" అంది. సెప్టెంబరులో కోసి ఉంటే గడ్డ బయటికి వచ్చేదా అని అడిగాను. నాకు అబద్ధం చెప్పలేదు. వచ్చేదంది.

డాక్టరమ్మ ద్వారా ఆయనకు కూడా తెలిసిపోయింది, మాత్రల వల్లే పొక్కులు వచ్చాయని. ఎవరిచ్చారని అడిగారు. అంత గొంతుతో ఆయన ఎప్పుడూ నన్ను అడగలేదు. నీ పేరు చెప్పలేదు. ఆడికృత్తిక తిరునాళ్ళకు కొండ కింద మందులమ్మేవాడు వచ్చాడని, వాడి దగ్గర కొన్నానని చెప్పాను. ఆయన పోయి బస్‌స్టాండులో, అంగళ్ళలో వాణ్ణి వెతికి వచ్చారు. "వాడు దొరికితే ఆడనే నరికేస్తా" అంటున్నారు.

నువ్వు వస్తావా? బావను వదలలేవని తెలుసు. ఊరికే అడిగాను.

ధనమ్మ

*

తిరువళ్ళూరు
7-3-1957

ధనమ్మా,

నా ఆడపడుచు వజ్రమ్మను ఆర్.కె.పేట నుంచి రమ్మని మనిషిని పంపాను. ఆమె బావను చూసుకుంటుంది. నాలుగు రోజుల్లో బయలుదేరుతాను.

వచ్చిన వెంటనే మొదట చెంగల్రాయుడితో మాట్లాడతాను. మందులమ్మేవాడు లేడని, నేనేనని చెబుతాను. లేనివాణ్ణి వెతుకుతూ ఆయన ఎండలో తిరగకూడదు. ఏం చేస్తే అది చేయనీ. నా తప్పు నీ నోటితో దాచి నీ మంచం పక్కన కూర్చోలేను.

తులసమ్మ

*

తిరుత్తణి
10-3-1957

అక్కా,

చెప్పవద్దు.

నేను ఎప్పుడూ నీకు ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు చెబితే ఆయన నిన్ను గడప దాటనివ్వరు. నిన్ను కొట్టరు, తిట్టరు. తలుపు వేసేస్తారు. మా అత్త నిన్ను చూడనివ్వదు. నువ్వు చెప్పుకుని, బరువు దించుకుని, అదే రైల్లో తిరిగిపోతావు. నేను ఇక్కడ వసారాలో ఉంటాను.

నాకు ఇప్పుడు ఒళ్ళు తుడిచేవాళ్ళు కావాలి. అత్తకు చేతులు వణుకుతాయి, ఆయన చేత చేయించుకోవడానికి నాకు సిగ్గు. మచ్చల మీద చెయ్యి పడినా ఏమీ అనుకోకుండా తుడిచేవాళ్ళు కావాలి. అది నువ్వే. బావకు మూడేళ్ళుగా చేస్తున్నావు, నీకు చేతనవుతుంది.

నీ మీద నాకు కోపం లేదని అనను. గంజి తాగిన రోజులు గుర్తొస్తే ఉంది. నువ్వు నమ్మని రోజులు గుర్తొస్తే ఇంకా ఉంది. కానీ కోపం వచ్చినప్పుడు కూడా నువ్వు పక్కన ఉంటే పడతాను కదా.

చెప్పుకోవాలని నీకు ఉంటుంది. అది నీకోసం. చెప్పకుండా ఉండటం నాకోసం. నేను ఉన్నన్నాళ్ళూ ఉండు. తర్వాత నీ ఇష్టం.

ధనమ్మ

*

తిరువళ్ళూరు
14-3-1957

ధనమ్మా,

వజ్రమ్మ వచ్చింది. బావకు ఏ పూట ఏమి చేయాలో రాసి గోడకు అంటించాను. నేను పోతున్నానని చెబితే ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు, తర్వాత తానే వదిలారు.

ఎల్లుండి పొద్దున పాసింజరులో వస్తున్నాను. మెత్తటి పాత చీరలు ఉతికి చించి గుడ్డలు చేశాను. కొబ్బరినూనె తెస్తున్నాను. నువ్వు తిట్టాలనుకున్నప్పుడు తిట్టు, నేను పక్కకు పోను.

నువ్వు చెప్పినట్టే చేస్తాను. నువ్వు ఉన్నన్నాళ్ళూ నా నోట ఆ మాట రాదు.

నిన్న చెంగల్రాయుడి దగ్గరనుంచి కార్డు వచ్చింది. స్టేషనుకు తానే వస్తాడట, మూట మోయవద్దట. "వదినా, ఆమెకు మీరు తప్ప ఎవురుండారు? అన్నను గూడా వదిలిపెట్టి వస్తా ఉండారు. మీ రుణం ఎట్లా తీర్చుకునేది" అని రాశాడు.  జవాబుగా ఒక కార్డు తీసుకుని, బండి వేళ రాసి, సంతకం చేశాను. ఇంకేమీ రాయలేదు.

అక్క
తులసమ్మ